అక్క జీతం

నేను అకౌంట్స్ పాఠాలు చెప్పుకుని బతికే మనిషిని. ఉప్పల్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఏటా జూన్‌లో కొత్త పిల్లలు వస్తారు, నేను బోర్డు మీద అవే మాటలు రాస్తాను. పెట్టుబడి, ఆస్తి, అప్పు, సొంత వాడకాలు, తరుగుదల, నికర లాభం. "ఒక ఆమె ఉందనుకోండి, కర్రీ పాయింట్ పెట్టింది" అని మొదలుపెడతాను. ఆ ఆమె మా అక్క అని పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడితే పడనీ, ఈసారి చెప్పేస్తాను.

ఇంటర్ అయ్యాక డిగ్రీ చదవడానికి భువనగిరి అవతల మా ఊరి నుంచి నాచారంలో అక్కాబావల దగ్గరికి వచ్చాను. బావ ఒక మందుల కంపెనీలో ఆపరేటర్. వాళ్లకు పిల్లలు లేరు, ఆ ఇంట్లో పిల్లనంటే నేనే. రెండు గదుల ఇల్లు, ముందు రోడ్డు వైపు షట్టర్ వేసిన చిన్న మడిగె. ఆ మడిగెలో బావ సైకిలూ, ఇంటివాళ్ల పాత మంచమూ ఉండేవి. నేను వచ్చిన కొన్ని నెలలకే బావ కంపెనీలో పని తగ్గింది. నెలలో సగం రోజులు రావద్దనేవారు, రావద్దన్న రోజుకు జీతం లేదు. అప్పుడు అక్క చెవి కమ్మలు అమ్మి, పాత మంచం తీయించి, ఆ మడిగెలో కర్రీ పాయింట్ పెట్టింది.

ఫ్యాక్టరీల నుంచి వచ్చేవాళ్లు గదిలో అన్నం వండుకునేవారు, కూర కొనుక్కునేవారు. పప్పు, సాంబారు, వేపుడు, ఒక పచ్చడి. కవర్లో పోసి దారం చుట్టి ఇస్తే పది రూపాయలు. అక్క చేతి పప్పుకు మా వీధి వాళ్లే కాదు, బోడుప్పల్ పోయే వాళ్లు కూడా బండి ఆపేవాళ్లు. దీన్ని మా పుస్తకాల్లో గుడ్‌విల్ అంటారు, కంటికి కనబడని ఆస్తి అని అక్కకు చెప్తే, "కనబడకపోతే కిరాయి కట్టనీకి పనికొస్తదా?" అని అడిగింది.

నేను అప్పుడు బీకాం మొదటి ఏడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. కాలేజీలో పొద్దున విన్నదంతా సాయంత్రం అక్క మీద ప్రయోగించేదాన్ని. ఆమె ఉల్లిగడ్డలు కోస్తూ వినేది. చదివింది ఏడో తరగతే గానీ లెక్క ఒక్కసారి చెబితే పట్టేసేది. నూరు పేజీల నోటుబుక్కు కొని, ఎడమవైపు వచ్చింది, కుడివైపు పోయింది అని గీత కొట్టి ఇచ్చాను. మొదటి పేజీలో మొదటి వరుస "పెట్టుబడి, పన్నెండు వేలు" అని రాశాను. అవి కమ్మల డబ్బులు.

"పెట్టుబడి అంటే ఏందే?"

"షాపు నీకు పడ్డ బాకీ అక్కా. నువ్వు వేరు, షాపు వేరు. నీ కమ్మల పైసలు షాపు తీసుకుంది. అది నీకు ఎప్పటికైనా ఇవ్వాల్సిందే."

"మంచిగుంది. మరెప్పుడిస్తదట?"

"షాపు మూసేసిన రోజు లెక్క తేల్చి ఇస్తుంది."

అక్క పడీ పడీ నవ్వింది. "నా కమ్మలు నాకు రావాలంటే నా షాపు మూతపడాల్నా? గిదేం సదువే, తల్లీ."

నవ్వింది గానీ ఆ మాట వదల్లేదు. నువ్వు వేరు, షాపు వేరు. నేను అకౌంట్స్‌లో నేర్చుకున్న మొదటి పాఠం అదే, అక్కకు నేర్పిన మొదటి పాఠమూ అదే. వ్యాపారంలో సగం మంది మునిగిపోయేది ఇది తెలియకనే అని మా లెక్చరర్ చెప్పేవారు. గల్లాలోంచి ఇంటికి నూనె డబ్బా కొంటారు, కూతురికి గాజులు కొంటారు, నెలాఖరుకు లాభం ఏమైందని ఎదురు అడుగుతారు. అలా యజమాని ఇంటికి వాడుకున్న దాన్ని సొంత వాడకాలు అంటారు, దాన్ని విడిగా రాయాలి అని అక్కకు చెప్పాను.

రాస్తే చాలు. అంతే చెప్పాను. అక్క దాన్ని ఇంకో నాలుగడుగులు ముందుకు తీసుకుపోయింది. మర్నాడు పొద్దున బావ టిఫిన్ డబ్బాలో పప్పు పోసింది, లోపలికి పోయి బియ్యం డబ్బా వెనక దాచుకున్న ఇంటి డబ్బుల్లోంచి పది రూపాయలు తెచ్చి గల్లాలో వేసింది. పుస్తకంలో "ఇంటికి పప్పు, పది" అని ఎడమవైపు రాసింది. బావ డబ్బా పట్టుకుని నిలబడిపోయాడు.

"నీ షాపుల నువ్వే కొనుక్కుంటున్నవా? పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టుమన్నడట వెనకటికెవడో."

"నా షాపు గాదు. షాపు వేరు, నేను వేరు. చెల్లె చెప్పింది."

నేను గుమ్మంలో నిలబడి మురిసిపోయాను. నా మొదటి విద్యార్థి మా అక్క. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఉడికిన మెతుకు తప్ప, నోట్లోకి పోయిన ప్రతి కూరకూ డబ్బు పడింది. అక్క తిన్న కూరకు కూడా. వంకాయ కూర చేసిన రోజు రెండోసారి వేసుకుంటే రెండోసారి డబ్బు వేసేది. ఇంటి డబ్బులంటే బావ జీతం, అది సగమే వచ్చేది. సగం జీతంలో మా తిండికి షాపు దగ్గర బిల్లు కట్టేవాళ్లం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని బావ గొణుక్కునేవాడు.

మిగతా మాటలూ అలాగే నేర్చుకుంది. అరువుకు తీసుకుని జీతాలప్పుడు ఇచ్చేవాళ్లను ఒక పేజీలో రాయించాను, వాళ్లు షాపుకు ఉన్న ఆస్తి అన్నాను. ఒకతను మూడు నెలల కూరలు తిని గది ఖాళీ చేసి పోతే, అది రాని బాకీ, దాన్ని నష్టంలో రాసేయాలి అన్నాను. "పిలగాడు ఆకలికి తిన్నడు, పోనీ" అని తనే కొట్టేసింది. గ్రైండర్ కొన్నప్పుడు తరుగుదల చెప్పాను. యంత్రం పనిచేస్తూ పనిచేస్తూ అరిగిపోతుంది, ఆ అరుగుదలను ఏటా ఖర్చుగా రాయాలి, లేకపోతే లాభం ఎక్కువ కనిపించి మనల్ని మోసం చేస్తుంది.

అక్క గ్రైండర్ వైపు చూసి, "గిది నాకన్న నయం. దీని అరుగుడు రాస్తరు," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అది నవ్వే మాట కాదని నాకు అప్పుడు తట్టలేదు, పాఠాలు చెప్పే తలకాయకు.

అక్క పొద్దున నాలుగింటికి లేచేది. రెండు పొయ్యిల ముందు పదకొండు దాకా నిలబడేది. మధ్యాహ్నం అమ్మకం, మళ్లీ మూడింటి నుంచి వంట, మళ్లీ అమ్మకం. రెండేళ్లకు పిక్కల మీద నరాలు ఉబ్బి నీలంగా కనిపించసాగాయి. పాత చీర చింపి పిక్కలకు కట్టుకునేది. బావ ఒక ప్లాస్టిక్ కుర్చీ కొనుక్కొచ్చి గల్లా పక్కన వేశాడు. పొయ్యి దగ్గర కూర్చుని ఎవరు వండుతారు? కుర్చీలో టమాటల బుట్ట కూర్చునేది.

ఒకరోజు అక్క చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "చెల్లె, వంటకు ఒక ఆమెను పెట్టుకుంటే ఎట్లుంటది? నేను కూసొని గల్లా సూసుకుంట. జర లెక్క చేసి చెప్పు."

లెక్క చేశాను. షాపుకు వచ్చిన దాంట్లోంచి సరుకు ఖర్చు తీసేస్తే మిగిలేది స్థూల లాభం. అందులోంచి కిరాయి, గ్యాసు, కరెంటు, తరుగుదల కూడా తీసేస్తే మిగిలేది నికర లాభం. అది నెలకు నాలుగున్నర వేలు. వంటామెకు మూడు వేలు ఇస్తే మిగిలేది పదిహేను వందలు. నేను ఎంకాంలో చేరాలి. ఆ ఫీజు ఎక్కడి నుంచి రావాలో నాకూ తెలుసు, అక్కకూ తెలుసు. కాగితం అక్క ముందు పెట్టి, "ఒక్క ఏడాది ఆగక్కా," అన్నాను. నేనే అన్నాను. ఎవరో నా నోట్లోంచి మాట్లాడలేదు.

"గంతే గద. ఆగుత," అని పోయి పొయ్యి వెలిగించింది.

నా ఎంకాం అయింది, ఉప్పల్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. మళ్లీ అడిగింది. అప్పటికి కూర ఇరవై రూపాయలు. పెద్ద గ్రైండరూ ఫ్రిజ్జూ కొనడానికి బ్యాంకు అప్పుకు నేనే కాగితాలు తయారు చేస్తున్నాను. మూడేళ్ల లాభనష్టాల లెక్క అడిగారు. ఇప్పుడు వంటామెను పెడితే ఖర్చు పెరిగి లాభం తగ్గినట్టు కనిపిస్తుంది, బ్యాంకు వాళ్లు అప్పు ఇవ్వరు, కాగితాలు అయ్యేదాకా ఆగు అన్నాను. అప్పు వచ్చాక వాయిదాలు వచ్చాయి. వాయిదాలు తీరేదాకా ఆగమన్నాను.

ఒకసారి, నిజం చెప్పుకోవాలి కదా, నా జీతంలోంచి నెలకు మూడు వేలు ఇస్తాను, మనిషిని పెట్టుకో అన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది. "ఇంటి పైసలు షాపుల వెయ్యద్దని నువ్వే చెప్పినవ్ గద. మనిషిని పెట్టుకుంటే షాపు సంపాదించి పెట్టుకోవాలె. లేకుంటే షాపు నడుస్తుందో లేదో ఎట్ల తెలుస్తది?" పరీక్షలో రాస్తే పూర్తి మార్కులు వేయాల్సిన జవాబు. నేను బలవంతం చేయలేదు. మూడు వేలు మిగిలాయని లోపల్లోపల సంతోషపడ్డానేమో, ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పలేను.

తర్వాత బందులు వచ్చాయి. తెలంగాణ కోసం రోడ్ల మీద వంటావార్పు చేసిన రోజుల్లో అక్క కూడా గిన్నె పట్టుకుపోయి ఉప్పల్ చౌరస్తాలో వండి వడ్డించింది. ఆ పప్పుకు మాత్రం లెక్క రాయలేదు. కానీ బందు ఎప్పుడు పెడతారో, ఎప్పుడు ఎత్తేస్తారో తెలిసేది కాదు. వండాక బందు అంటే గిన్నెలు నిండుగా ఉండిపోయేవి. మిగతా వ్యాపారాల్లో అమ్మకుండా మిగిలిన సరుకును ఆస్తిగా రాసుకుంటారు. కూరకు ఆ భాగ్యం లేదు, తెల్లారితే పాసిపోతుంది. వాయిదా కట్టడానికే కష్టమైంది. ఆ ఏడు అక్క అడగలేదు, బావ అడిగాడు. "పిల్లా, మీ అక్క కాళ్లు సూసినవా? ఒక మనిషిని పెట్టరాదు?"

"వచ్చే ఏడు పెడదాం బావా, బందులు తగ్గనీ."

అక్క పొయ్యి దగ్గర నుంచే అంది. "నీ వచ్చే ఏడూ, ఢిల్లోల్ల తెలంగాణా రెండూ ఒక్క తీరే ఉన్నయే. ఇగ ఇస్తం, అగ ఇస్తం. నేను తెలంగాణ వచ్చినంకనే కూసుంట తియ్."

రాష్ట్రం ఇంకో నాలుగు రోజుల్లో వస్తుందనగా, మే ఎండల్లో, మధ్యాహ్నం అక్క పొయ్యి ముందు పడిపోయింది. చేతిలో చట్టి ఉంది, బెండకాయ వేపుడు నేలంతా చిందింది. దవాఖానాకు తీసుకుపోతే బీపీ పెరిగి తలలో నరం చిట్లిందన్నారు. ఎప్పటి నుంచి బీపీ అని అడిగారు. అక్క ఎప్పుడూ చూపించుకోలేదు. చూపించుకుంటే ఏం చెబుతారో ఆమెకు తెలుసు, నిలబడొద్దంటారు.

గల్లాలో ఎంత ఉందో చూసి దవాఖానా బిల్లు కట్టాలని ఈ ఏటి పుస్తకం నాతో తెచ్చాను. బయట వరండాలో బల్ల మీద కూర్చుని ఆ రోజు పేజీ తెరిచాను. పొద్దున అక్క రాసిన చివరి వరుస ఉంది. "ఇంటికి బెండకాయ, ఇరవై." బావ డబ్బాలోకి.

రెండో రోజు కూడా అక్క కళ్లు తెరవలేదు. ఏం చేయాలో తోచక, నాకు వచ్చిన పనే చేశాను. అక్క బాగై ఇంటికి వస్తుంది, ఇక పొయ్యి దగ్గరికి పోనివ్వను, వంటామెను పెట్టేస్తాను, లాభం ఎంత తగ్గినా సరే. ఆ తగ్గేది ఎంతో చూద్దామని పుస్తకం వెనక పేజీలో లెక్క మొదలుపెట్టాను. ఈ నెలకు వేశాను. తర్వాత పోయిన ఏడాదికి వేశాను. చెయ్యి ఆగలేదు. పాత పుస్తకాల లాభాలన్నీ నాకు నోటికొచ్చు. మొదటి నుంచీ, ఏ ఏడు వంటామె జీతం ఎంత ఉండేదో ఆ ఏటికి అంత వేసుకుంటూ వచ్చాను. ఒక వంటామె అనుకున్నాను గానీ అక్క చేసింది ఇద్దరి పని. వండేది, అమ్మేది, గిన్నెలు తోమేది. ఇద్దరి జీతం వేశాను.

లాభం లేదు. పదేళ్ల లాభమంతా కూడి, పదేళ్ల ఇద్దరి జీతం తీసేస్తే, షాపుకు నష్టం వచ్చింది. షాపు ఏ రోజూ ఒక్క రూపాయి సంపాదించలేదు. నేను ప్రతి నెలా నికర లాభం అని రాసి, కింద రెండు గీతలు గీసి, గొప్పగా చూపించిందంతా అక్కకు ఇవ్వని జీతం. నా ఎంకాం ఫీజు షాపు లాభంలోంచి కట్టామనుకున్నాను. అక్క కాళ్లలోంచి కట్టాను.

నువ్వు వేరు, షాపు వేరు అని చెప్పింది నేను. అక్క నమ్మింది. నమ్మి, తన అన్నంలోకి కూరను షాపు దగ్గర కొనుక్కుంది. అది నిజమైతే, షాపు కోసం రోజుకు పదహారు గంటలు పనిచేసిన మనిషికి షాపు జీతం ఇవ్వొద్దా? యజమాని జీతం చిన్న దుకాణాల లెక్కల్లో రాయరు, పుస్తకంలో అలాగే ఉంది, నేనూ అలాగే చదివాను, ఇప్పటికీ పిల్లలకు అలాగే చెబుతాను. పన్ను లెక్కకు అది సరిపోతుందేమో. తోడబుట్టినదాని లెక్కకు సరిపోదు. ప్రతి సాయంత్రం ఎడమవైపు "ఇంటికి పప్పు, పది" కనిపిస్తూనే ఉంది. కుడివైపు "అక్కకు" అనే మాట ఎందుకు లేదని ఒక్కసారైనా అడగలేదు. అది రాసి ఉంటే మొదటి ఏడే తెలిసేది. రేటు పెంచేవాళ్లం, లేకపోతే మూసేసి అక్క ఇంకోచోట జీతానికి వండేది. జీతానికి వండేవాళ్లకు ఆదివారమైనా సెలవుంటుంది.

అక్క లేవగానే ఇదంతా చెప్పాలనుకున్నాను. కాళ్లు పట్టుకుని చెప్పాలనుకున్నాను. మూడో రోజు పొద్దున అక్క పోయింది.

పోయినవాళ్ల పేర పిట్టకు పెట్టేది మూడోనాడు. ఆ రోజే రాష్ట్రం వచ్చింది. వీధిలో గులాబీ రంగు చల్లుకుంటున్నారు, ఉప్పల్ దిక్కు నుంచి పటాకుల మోత. అక్కకు ఇష్టమని వంకాయ కూర, పప్పు, పచ్చిపులుసు వండాం. ఇంట్లో బియ్యం తప్ప ఏమీ లేవు, షాపు పప్పు, షాపు చింతపండు, షాపు నూనె. గల్లా పక్కన కుర్చీలో టమాటలు మెత్తబడి నీరు కారుతున్నాయి. షట్టర్ దించేసి ఉంది. మూసేసిన రోజు లెక్క తేల్చి ఇస్తుందని నేను చెప్పిన షాపు అది.

బావ విస్తరి పట్టుకుని మిద్దె మీదికి పోయాడు. చాలాసేపు నిలబడ్డాడు. పటాకుల చప్పుడుకు ఒక్క కాకీ వాలలేదు. చుట్టాలు కింద నుంచి తలా ఒక మాట అంటున్నారు. ఏం కోరిక మిగిలిపోయిందో అడగమంటున్నారు, చెల్లెను మంచిగా చూసుకుంటానని చెప్పమంటున్నారు. ఆ మాట వినలేక నేను మడిగెలోకి వచ్చి నిలబడ్డాను.

కాసేపటికి బావ దిగి వచ్చాడు. అంగీ జేబులోంచి మూడు ఇరవై నోట్లు తీసి, ఒకటొకటిగా లెక్కపెట్టి, గల్లా తెరిచి అందులో వేశాడు.

"ఏంది బావా?"

"షాపు కూరలు గదా పిల్లా. పైసలియ్యకుంట పెడితే మీ అక్క ముడుతదా?" అన్నాడు. మళ్లీ మెట్లెక్కి పైకి పోయాడు.

పిట్ట వచ్చిందో లేదో నేను చూడలేదు. గల్లా పక్కన పుస్తకం ఉంది. తెరిచి, తేదీ వేసి, ఎడమవైపు "ఇంటికి వంకాయ, పప్పు, పచ్చిపులుసు, అరవై" అని రాశాను. రాశాక గానీ నేనేం రాశానో నాకు తెలియలేదు. కుడివైపు ఖాళీగానే ఉంది.